దవడ గడ్డకు ఒక డాక్టరు గీకుదాం అంటున్నాడు, ఇంకొకాయన ఎముకే తీసేయాలంటున్నాడు. ఏం చేయాలి?

మర్రిగూడ_రవి
మా తమ్ముడికి 27 ఏళ్ళు. ఎడమ పక్క కింది దవడ చాలా నెలలుగా మెల్లగా ఉబ్బుతోంది. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. నొప్పి లేదు కదా అని ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ చూసి జ్ఞానదంతం వాపు అని గోలీలు ఇచ్చాడు. తర్వాత ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే కూడా తీయకుండా అక్కడ కదులుతున్న పన్ను పీకేశారు. పన్ను పోయింది, వాపు అట్లనే ఉంది. చివరికి దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీసి, చిన్న ముక్క కోసి పరీక్షకు పంపితే అమెలోబ్లాస్టోమా అని వచ్చింది. క్యాన్సర్ కాదన్నారు. హమ్మయ్య అనుకున్నాం.

అసలు లొల్లి ఆ తర్వాత మొదలైంది. ఒక డాక్టరు లోపల గీకి శుభ్రం చేస్తే చాలు, రెండు రోజుల్లో ఇంటికి పోవచ్చు అన్నాడు. ఇంకొకాయన గీకితే పోదు, ఆ భాగం దవడ ఎముక కోసి తీసి కాలి ఎముక పెట్టాలి, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాటుతుంది అన్నాడు. క్యాన్సర్ కానిదానికి దవడ ఎందుకు కోయాలి? పెళ్ళి కావాల్సిన పిల్లగాడి మొహం ఖరాబు చేస్తారా అని మా అమ్మ ఒకటే ఏడుపు. ఇట్లాంటిది ఎవరికైనా అయ్యిందా? ఎవరి మాట వినాలి?

నాగర్‌కర్నూల్_నరేష్
పెద్ద ఆపరేషన్ అంటే పెద్ద బిల్లు, అంతే కథ. నాకు 2013లో ఇదే దవడ గడ్డ. గీకించుకున్నా. ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు. గీకించండి, పోతుంది.

పాలమూరు_పిల్లోడు
కాలి ఎముక దవడలో పెడితే ఇంక నడిచేది దేనితో అన్నా

చండూరు_శ్రీను
మర్రిగూడ అంటున్నావు కదా అన్నా, ఇది మన నల్గొండ నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ పనే అయి ఉంటుంది. మా పక్క ఎముకలు వంకర పోయినోళ్ళు ఎంతమంది లేరు. దవడ కూడా ఎముకే కదా. ముందు నీళ్ళు మార్చండి.

దేవరకొండ_సుజాత
రవీ, మా ఆయనకు ఇదే పేరు రోగం, ఇదే ఆపరేషన్. కాలి ఎముకే పెట్టారు. నడుస్తున్నాడు, బండి నడుపుతున్నాడు, పొలం పోతున్నాడు. రాత్రికి వివరంగా రాస్తా. అమ్మను భయపడొద్దని చెప్పు.

దవడ_డాక్టరు
నేను చేసేది ఈ పనే, నోరు, దవడ, ముఖం సర్జరీ. సొంతూరు మిర్యాలగూడ దగ్గర. ఫొటోలు చూసి వైద్యం చెప్పను గాని కొన్ని విషయాలు చెప్పాలి.

శ్రీనూ, ఫ్లోరైడ్ అంటే మన జిల్లా వాళ్ళకు కోపం రావడం న్యాయమే. కానీ దాని దారి వేరు. పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే పంటి పైపొర దెబ్బతిని గోధుమ మచ్చలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. దవడలో ఒక్క పక్క పెరిగే ఈ గడ్డకు అది కారణం కాదు. పళ్ళు తయారైనప్పుడు దవడలో మిగిలిపోయిన కణాల నుంచి ఇది పుడుతుంది. మీ తమ్ముడు చేసిన తప్పేమీ లేదు.

ఇక అసలు ప్రశ్న. క్యాన్సర్ కాదన్న మాట నిజమే, అది ఊపిరితిత్తులకు పాకడం చాలా చాలా అరుదు. కానీ ఉన్నచోట మాత్రం మర్యాదగా ఉండదు. చుట్టూ ఉన్న ఎముక సందుల్లోకి కంటికి కనపడకుండా చొచ్చుకుపోతుంది. పైపైన గీకడం అంటే మన చెలకల్లో సర్కారు తుమ్మను మొదలు దాకా కొట్టి వేరు వదిలేయడం. మామూలు రకం అమెలోబ్లాస్టోమాను గీకి వదిలేస్తే సగం కంటే ఎక్కువమందిలో తిరిగి వస్తుంది. అందుకే చుట్టూ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కలిపి తీస్తారు.

అయితే గీకుదాం అన్న డాక్టరును అప్పుడే తిట్టకండి. ఒకే సంచిలా ఉండే రకం ఒకటి ఉంది, కుర్రవాళ్ళలో ఎక్కువ. అందులో కొన్నింటికి చిన్న ఆపరేషన్ సరిపోతుంది. మీది ఏ రకమో తెలియకుండా ఎవరు రైట్ అని చెప్పలేం. బయాప్సీ కాగితంలో, ఓపీజీ రిపోర్టులో ఏం రాశారో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. పేరు, నంబర్లు తీసేసి.

నాగర్‌కర్నూల్_నరేష్
డాక్టర్లు డాక్టర్లకే సపోర్ట్. నాకు పన్నెండేళ్ళు దాటింది, రాలేదు అని చెప్తున్నా కదా. నా దవడ కన్నా మీ పుస్తకం ఎక్కువనా?

దవడ_డాక్టరు
నరేష్ గారూ, మీ 2013 రిపోర్టు ఉందా? దాంట్లో రోగం పేరు ఏం రాసి ఉంది?

నాగర్‌కర్నూల్_నరేష్
బీరువాలో ఉండాలి. చూస్తా.

కల్వకుర్తి_సారు
ఎక్స్‌రే లేకుండా పన్ను పీకారు అన్న మాట చదవగానే నా కడుపు మండింది. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది, రోగం వేరు. మా ఆవిడకు కుడి బుగ్గలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి, కొన్ని సెకన్లే, కానీ ప్రాణం పోయేంత. బ్రష్ తగిలినా, చల్లగాలి తగిలినా, ఒక్కోసారి మాట్లాడినా వచ్చేది. పిప్పి పన్ను అన్నారు, పీకారు. నొప్పి పోలేదు, దాని పక్కది పీకారు. ఇంకో పన్ను అనుమానం అన్నారు. గుండ్రాయిలాంటి పళ్ళు. చివరికి నరాల డాక్టరు దగ్గరికి పోతే ట్రైజెమినల్ న్యూరాల్జియా అన్నాడు. మెదడు దగ్గర ఒక రక్తనాళం ముఖం నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. కార్బమజెపిన్ గోలీతో రెండు రోజుల్లో నొప్పి సగానికి పడిపోయింది. పళ్ళు మాత్రం తిరిగి రావు కదా.

మిర్యాలగూడ_మిల్లు
సారూ, మా మేనమామకూ సేమ్. గడ్డం గీసుకోవాలంటే భయపడి గడ్డం పెంచాడు, అందరూ శబరిమల మాల అనుకునేవాళ్ళు.

దవడ_డాక్టరు
కల్వకుర్తి సారూ, ఇది మా వాళ్ళు రోజూ గుర్తు చేసుకోవాల్సిన కేసు. పంటి నొప్పి అయితే గంటలు గంటలు సలుపుతుంది, రాత్రి నిద్ర లేపుతుంది. సెకన్లలో వచ్చి పోతూ, ఏదో ఒకటి తగిలితేనే వస్తూ, మధ్యలో ఏమీ లేనట్టు ఉంటే అది నరం. పంటి మీద చెయ్యి వేసే ముందు ఆగాలి. ఆ గోలీ వాడేవాళ్ళు రక్తంలో సోడియం చూపించుకుంటూ ఉండండి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. గోలీలకు లొంగకపోతే ఆ రక్తనాళాన్ని నరం నుంచి జరిపే ఆపరేషన్ న్యూరోసర్జన్లు చేస్తారు.

దేవరకొండ_సుజాత
చెప్పినట్టే రాస్తున్నా, పొడుగైతే తిట్టకండి.

మా ఆయనకు ముందు ఒకసారి గీకారు. అప్పుడు మాకూ పెద్ద ఆపరేషన్ అంటే భయం, చిన్నది అంటే సంతోషం. నాలుగేళ్ళు బాగానే ఉంది. తర్వాత అదే చోట, ఈసారి ఇంకా పెద్దగా వచ్చింది. కింది పెదవి తిమ్మిరెక్కింది. అప్పుడు పట్నం పోయాం. ఆపరేషన్‌కు ముందు కాళ్ళకు సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు చూపించే స్కాన్ తీశారు. ఎందుకంటే మోకాలి కింద పక్కన సన్నగా ఉండే ఎముకను దాని రక్తనాళంతో సహా తీస్తారు, అది తీశాక పాదానికి రక్తం సరిగ్గా పోతుందో లేదో ముందే చూసుకోవాలట. రెండు టీములు ఒకేసారి పని చేశాయి, ఒకరు దవడ దగ్గర, ఒకరు కాలి దగ్గర. ఆ ఎముకను దవడ వంపుకు తగ్గట్టు ముక్కలు చేసి ప్లేటుకు బిగించి, రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద మెడలోని నాళాలకు కుట్టారు. పొద్దున లోపలికి తీసుకుపోతే రాత్రి తొమ్మిదికి బయటికి తెచ్చారు.

మొదటి రెండు రోజులు నరకం, అబద్ధం చెప్పను. గొంతు దగ్గర రంధ్రం, ముక్కులో పైపు, మొహం గుమ్మడికాయ. నర్సులు గంట గంటకీ వచ్చి నోట్లో పెట్టిన కాలి చర్మం రంగు చూసేవాళ్ళు, నల్లబడితే రక్తం ఆగినట్టట. ఆగలేదు దేవుడి దయ వల్ల. వారంలో లేపి నడిపించారు. తర్వాత కొన్నాళ్ళు కుంటాడు. ఇప్పుడు ప్యాంటు వేస్తే ఎవరికీ తెలియదు. మొహం మీద మచ్చ మెడ మడతలో కలిసిపోయింది. కింది పెదవి ఒక పక్క స్పర్శ లేదు, అన్నం మెతుకు అంటుకుంటే నేనే చెప్పాలి. పళ్ళు తర్వాత ఇంప్లాంట్లతో పెట్టించాం. ఆ ఖర్చు మాత్రం ఆరోగ్యశ్రీలో రాలేదు, చేతి నుంచే పెట్టుకున్నాం.

అమ్మకు ఒక్క మాట చెప్పు రవీ. మొదటిసారే పెద్దది చేయించి ఉంటే ఎముక తక్కువ పోయేది.

పాలమూరు_పిల్లోడు
అక్కా, ఇది చదివాక జోకు వేసినందుకు సారీ. కాలు నడుస్తుంది అన్నమాట.

పీజీ_కష్టాలు
పిల్లోడికి సమాధానం: ఆ ఎముక పేరు ఫిబ్యులా. ఒంటి బరువు దాదాపు అంతా పక్కన ఉన్న లావు ఎముకే మోస్తుంది. కింద చీలమండ దగ్గర, పైన మోకాలి దగ్గర ఆరేడు సెంటీమీటర్లు వదిలి మధ్యలోది తీస్తాం. అందుకే నడక పోదు.

రవి అన్నా, ఇంకో దారి కూడా అడిగి చూడండి. ఇప్పుడు గడ్డ తీసి టైటానియం ప్లేటు వేసి వదిలేసి, ఏడాది తర్వాత ఎముక సంగతి చూడొచ్చు. ఆపరేషన్ టైమ్ సగం తగ్గుతుంది.

దవడ_డాక్టరు
పీజీ తమ్ముడూ, పుస్తకం ప్రకారం తప్పు లేదు గాని 27 ఏళ్ళ మనిషికి నేను అది మొదటి దారిగా చెప్పను. ఉత్త ప్లేటు మీద ఏళ్ళ తరబడి నమిలితే అది విరగొచ్చు, చర్మం పొడుచుకుని బయటికి రావొచ్చు. ఈలోగా కండరాలు గుంజుకుని దవడ పక్కకు పోతుంది, తర్వాత ఎముక పెట్టడం కష్టం. వయసు పైబడినవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, పది గంటలు మత్తు తట్టుకోలేనివాళ్ళకు అయితే నువ్వు చెప్పింది మంచి దారి.

పీజీ_కష్టాలు
ఒప్పుకోను సార్, మా దగ్గర మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కుట్టే మైక్రోవాస్క్యులర్ టీమ్ లేనప్పుడు ప్లేటు వేసి పంపిన పేషెంట్లు బాగానే తింటున్నారు. అన్ని ఊళ్ళలో మైక్రోస్కోప్ ఉండదు కదా.

దవడ_డాక్టరు
ఉండదు. అందుకే ఉన్నచోటికి పంపాలి. గ్యాప్ ఐదారు సెంటీమీటర్ల లోపే అయితే తుంటి ఎముక ముక్క కూడా పెట్టొచ్చు, దానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. అంతకు మించితే అది కరిగిపోయే ప్రమాదం ఎక్కువ.

మర్రిగూడ_రవి
రిపోర్టు తెచ్చాను. ఓపీజీలో: ఎడమ కింది దవడలో 36వ పన్ను (మొదటి దవడ పన్ను) నుంచి పైకి రేమస్ (దవడ వెనక నిలువుగా పైకి పోయే భాగం) దాకా గదులు గదులుగా నల్లటి నీడ, పళ్ళ వేర్లు కరిగిపోయాయి, కింది అంచు పలుచబడింది. బయాప్సీలో: అమెలోబ్లాస్టోమా, ఫాలిక్యులర్ ప్యాటర్న్. గీకుదాం అన్న డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మా దగ్గర చిన్న పంటి ఎక్స్‌రే ఒక్కటే ఉండె, ఇది లేదు.

దవడ_డాక్టరు
అదీ సంగతి. చిన్న పంటి ఎక్స్‌రేలో రెండు మూడు పళ్ళే కనిపిస్తాయి, అందులో మీ తమ్ముడి గడ్డ ఒక చిన్న సంచిలా కనిపించి ఉంటుంది. ఇప్పుడున్న కాగితాలు చూస్తే ఒకే సంచి రకం కాదు, మామూలు రకమే. ఫాలిక్యులర్ అంటే అందులో ఒక తీరు. కింది అంచు కూడా పలుచబడింది కాబట్టి గీకినా దవడ విరిగే భయం ఉంది. రెండో డాక్టరు చెప్పింది సబబే అనిపిస్తోంది. సీటీ తీస్తే ఎముక బయటి పొర దాటిందా లేదా తెలుస్తుంది, ఎంత కోయాలో కొలతలు వస్తాయి. ఆ సీటీ నుంచే త్రీడీ ప్రింట్‌లో దవడ నమూనా తీసి ప్లేటును ముందే వంచి పెట్టుకోవచ్చు, మొహం ఆకారం బాగా వస్తుంది. ఇది అమ్మకు చూపించండి, కళ్ళతో చూస్తే భయం సగం తగ్గుతుంది.

యాదగిరి_టెకీ
నెట్‌లో చదివాను, దీనికి గోలీలు వచ్చాయంట కదా? బీరాఫ్ అని ఏదో జీన్. కోయకుండానే తగ్గుతుందంట.

దవడ_డాక్టరు
సగం నిజం. కింది దవడ అమెలోబ్లాస్టోమాల్లో ఎక్కువ వాటిల్లో బీరాఫ్ వి600ఈ అనే మార్పు కనిపిస్తుంది. ఆ మార్పును అడ్డుకునే డబ్రాఫెనిబ్ లాంటి మందులతో గడ్డ బాగా చిన్నబడిన కేసులు ప్రచురించారు. కానీ మందు ఆపితే ఏమవుతుంది, ఎన్నేళ్ళు వాడాలి అనేది ఇంకా తేలలేదు. ఖర్చు కూడా మామూలుగా ఉండదు. కోయడానికి వీల్లేని చోట, మళ్ళీ మళ్ళీ వచ్చినచోట ఆలోచిస్తారు. మీరు కోయించుకోగల కేసులో గోలీల కోసం ఆగి గడ్డను పెంచుకోవద్దు.

గద్వాల_లత
నేను స్టాఫ్ నర్సును. ఒక మాట కలుపుతా. మా చిన్నమ్మకు దవడలో గడ్డ వచ్చి బయాప్సీలో జెయింట్ సెల్, అంటే పెద్ద పెద్ద కణాలున్న గడ్డ అని వచ్చింది. దవడ ఆపరేషన్ డేటు కూడా ఇచ్చారు. అప్పుడు అక్కడి పెద్ద మేడం ఒకావిడ వచ్చి మీకు కిడ్నీలో రాళ్ళు వచ్చాయా, నడుము నొప్పులు ఉన్నాయా అని అడిగి, కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) రక్తపరీక్షలు రాసింది. రెండూ ఆకాశంలో ఉన్నాయి. మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథిలో చిన్న గడ్డ ఉంది, అది ఎముకల్లోంచి కాల్షియం గుంజుతోంది, దవడ గడ్డ దాని ఫలితం. మెడ దగ్గర ఆపరేషన్ చేసి ఆ గ్రంథి తీస్తే దవడ గడ్డ దానంతటదే చిన్నబడి ఎముక నిండుకుంది. దవడ మీద కత్తే పెట్టలేదు.

దవడ_డాక్టరు
లత గారూ, ఆ మేడంకు దండం. బ్రౌన్ ట్యూమర్ అంటారు. జెయింట్ సెల్ అని రిపోర్టు వస్తే కాల్షియం, పీటీహెచ్ చూడకుండా ఎవరూ దవడ ముట్టుకోకూడదు. వంద రెండు వందల రూపాయల కాల్షియం పరీక్షతోనే అనుమానం మొదలవుతుంది.

మిర్యాలగూడ_మిల్లు
ఇంతకీ నరేష్ అన్న బీరువా తెరిచాడా లేదా

నాగర్‌కర్నూల్_నరేష్
తెరిచా. ఓడాంటోజెనిక్ కెరటోసిస్ట్ అని ఉంది. అంటే వేరేదా?

దవడ_డాక్టరు
వేరేదే. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించొచ్చు, అందుకే బయాప్సీ. ఈ కెరటోసిస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో గడ్డల జాబితాలో పెట్టింది, 2017లో మళ్ళీ తిత్తుల జాబితాలోకి తెచ్చింది. దీన్ని కూడా ఉత్తగా తీస్తే తిరిగి వస్తుంది, కానీ తిత్తి తీశాక గోడను సన్నగా చెక్కి, మిగిలిన కణాలు చచ్చేలా కార్నాయ్స్ ద్రావణమో ఫ్లోరోయురాసిల్ క్రీమో పెడితే చాలామందికి దవడ కోయక్కర్లేదు. మీకు చేసింది సరైన వైద్యమే. రవి తమ్ముడికి అదే చేస్తే మాత్రం సరైనది కాదు.

ఇంకొకటి, మీరు ఆఖరి ఎక్స్‌రే ఎప్పుడు తీయించారు?

నాగర్‌కర్నూల్_నరేష్
2015లో అనుకుంటా. బాగుంది కదా అని మళ్ళీ పోలేదు.

దవడ_డాక్టరు
ఒక ఓపీజీ తీయించండి. నొప్పి లేకుండానే వస్తుంది ఇది కూడా. ఎక్కువ భాగం మొదటి ఐదేళ్ళలో తిరిగి వస్తుంది గాని పదేళ్ళు దాటాక వచ్చినవీ ఉన్నాయి. ఇంట్లో పిల్లలకు కూడా ఇట్లా దవడ తిత్తులు ఒకటి కంటే ఎక్కువ ఉంటే చెప్పండి, గార్లిన్ సిండ్రోమ్ అని కుటుంబంలో వచ్చేది ఒకటి ఉంది.

నాగర్‌కర్నూల్_నరేష్
సరే సార్. రవీ, నా మాట పక్కన పెట్టు.

అచ్చంపేట_అనిత
గడ్డల మధ్యలో నా బాధ కూడా వినండి. మా బిడ్డ నాలుగేళ్ళప్పుడు గచ్చు మీద పడి గడ్డం పగిలింది. కుట్లు వేసి పంపారు. ఎవరూ దవడ చూడలేదు. ఏడేళ్ళు వచ్చేసరికి నోరు వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. ముద్ద పెట్టలేక పళ్ళ సందులోంచి జావ తాపేదాన్ని. కింది దవడ పెరగలేదు, రాత్రి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. దిష్టి అన్నారు, చురకలు పెట్టమన్నారు. తీరా చూస్తే చెవి ముందర దవడ కీలు పుర్రె ఎముకకు అతుక్కుపోయింది.

నోరు తెరవదు కాబట్టి మత్తు ఇవ్వడమే పెద్ద పరీక్ష, ముక్కులోంచి కెమెరా గొట్టంతో పైపు వేశారు. అతుకున్న ఎముక తీసేసి మధ్యలో కణత కండరం పొర పెట్టారు. బల్ల మీదే నోరు బాగా తెరుచుకుందట. కానీ అసలు పని తర్వాత మాది. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి పళ్ళ మధ్య దూర్చి రోజుకు చాలాసార్లు నోరు తెరిపించాలి. పిల్ల ఏడుస్తుంటే నేను ఏడుస్తూ చేయించేదాన్ని. మా అత్త దవాఖానోళ్ళ కన్నా నువ్వే రాక్షసివి అనేది. మానేస్తే మళ్ళీ అతుక్కుంటుంది అని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి మానలేదు. ఇప్పుడు జామకాయ కొరుకుతుంది.

కల్వకుర్తి_సారు
అనితమ్మా, ఐస్‌క్రీమ్ పుల్లల లెక్క మా స్కూలు పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి. పిల్లలు గడ్డం మీద పడటం మాకు రోజూ ఉండేదే.

దవడ_డాక్టరు
చెప్పండి సారూ. గడ్డం పగిలిన పిల్లలకు కుట్లు వేసేటప్పుడే రెండు చెవుల ముందర నొక్కి చూడాలి, నోరు తెరిపించి చూడాలి. కీలు విరిగినా పిల్లల్లో చాలాసార్లు ఆపరేషన్ అక్కర్లేదు, కానీ నోరు కట్టేసి వదలకుండా త్వరగా వ్యాయామం మొదలుపెట్టాలి. చెవిలో చీము కారి వదిలేసినా ఇది రావొచ్చు. అనిత గారూ, పాప ఎదిగేకొద్దీ చిన్న గడ్డం సంగతి చూపిస్తూ ఉండండి, ఎముకను రోజూ కొద్దికొద్దిగా సాగదీసే పద్ధతి ఉంది.

వనపర్తి_వెంకటన్న
నాది పై దవడ. 2021లో కరోనా, షుగరు, ఆ మీద బ్లాక్ ఫంగస్. కోఠి ఈఎన్‌టీ దవఖానలో మంచాలు చాలని రోజులు. ఆ ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్ సీసాల కోసం మావాళ్ళు తిరగని చోటు లేదు. కుడి పక్క పై దవడ, అంగిలి తీసేశారు. తర్వాత నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట్లాడితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. అబ్ట్యురేటర్ అని పళ్ళ సెట్టుతో కలిపి ఒక మూత చేసిచ్చారు. పెట్టుకుంటే మాట వస్తుంది, తీస్తే పోతుంది. రవీ, మీ తమ్ముడిది కింది దవడ, ఎముక పెట్టే అవకాశం ఉంది, పెట్టించు. నాకు ఆ రోజు బతికితే చాలు అన్నారు.

పాలమూరు_పిల్లోడు
వెంకటన్నా, మూత తీస్తే మాట పోతుందంటే వదిన రాత్రి దాచిపెడుతుందేమో చూసుకో

వనపర్తి_వెంకటన్న
ఆల్రెడీ దాచింది ఒకసారి

మర్రిగూడ_రవి
అందరికీ చాలా థాంక్స్. సీటీ తీయించాం, ఎముక లోపలి వైపు పొర కొద్దిగా దాటింది అన్నారు. స్లైడ్లు ఇంకోచోట మళ్ళీ చూపిస్తే అదే రకం అని వచ్చింది. త్రీడీ దవడ ఇంకా చేయలేదు గాని కంప్యూటర్‌లో బొమ్మ చూపించారు, అమ్మ చాలాసేపు తిప్పించుకుని చూసింది. సరే అంది. ఆరోగ్యశ్రీ గురించి ఎవరైనా చెప్తారా?

గద్వాల_లత
ఆహార భద్రత కార్డు, ఆధార్, బయాప్సీ, సీటీ అన్నీ పట్టుకుని దవఖానలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పో. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు పరిమితి. కానీ పరిమితి వేరు, ప్యాకేజీ వేరు. గడ్డ తీయడం, ఎముక పెట్టడం రెండింటికీ ముందే అప్రూవల్ పెట్టారా అని అడుగు. ప్లేటు బయట కొనమంటే ప్యాకేజీలో ఉందో లేదో బల్ల దగ్గరే తేల్చుకో. తక్కువ పడితే సీఎం సహాయ నిధి ఎల్‌ఓసీకి (ఖర్చు కడతామని దవఖానకు ముందే ఇచ్చే హామీ పత్రం) ఎమ్మెల్యే లెటర్‌తో ఆపరేషన్‌కు ముందే పెట్టుకోవాలి, తర్వాత కాదు.

దేవరకొండ_సుజాత
హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ సర్కారు డెంటల్ కాలేజీలో కూడా ఒకసారి చూపించుకో. ఎంజీబీఎస్ బస్టాండులో దిగితే దగ్గరే. అమ్మకు బస్సు ఎట్లాగూ ఫ్రీ.

దవడ_డాక్టరు
రవీ, తమ్ముడికి గుట్కా, సిగరెట్ అలవాటు ఉందా? మొహమాటం లేకుండా చెప్పు.

మర్రిగూడ_రవి
గుట్కా ఉంది సార్. ఇంట్లో తెలియదు అనుకుంటాడు.

దవడ_డాక్టరు
ఈరోజే ఆపేయాలి. రెండు మిల్లీమీటర్ల రక్తనాళాలు కలిపి కుడతాం, పొగాకు వాటిని కుంచింపజేస్తుంది, గాయం మానదు. పైగా వక్క వల్ల నోటి లోపలి చర్మం గట్టిపడి ఉంటే ఆపరేషన్ తర్వాత నోరు తెరవడమే కష్టం. ఆపరేషన్ అయ్యాక కూడా ఏటా ఎక్స్‌రే, కనీసం పదేళ్ళు. నరేష్ గారిలా రెండేళ్ళకు మానేయొద్దు.

నాగర్‌కర్నూల్_నరేష్
మధ్యలో నన్నెందుకు సార్. రేపే పోతున్నా ఓపీజీకి.

చండూరు_శ్రీను
గుట్కా మీద ఏటా బ్యాన్ అంటారు, మా సందు చివర డబ్బాలో ఏటా దొరుకుతుంది.

హాలియా_కవిత
చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకితే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ నెలనెలా ఇస్తున్నారు. ఇప్పుడు ఒక దవడ పన్ను ఊగుతోంది, ఇక్కడ దగ్గర్లో పీకిస్తా అంటోంది. పీకించొచ్చా?

దవడ_డాక్టరు
వద్దు, ఆగండి. ఆ ఇంజెక్షన్ ఎముక తనను తాను మరమ్మతు చేసుకునే పనిని నెమ్మది చేస్తుంది. పన్ను పీకిన గుంట మానకుండా ఎముక బయటపడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ముందు క్యాన్సర్ డాక్టరుకు, నోటి సర్జన్‌కు ఇద్దరికీ చూపించండి. ఇంజెక్షన్ ఎప్పటి నుంచి, ఎన్ని తీసుకున్నారో రాసిన కాగితం పట్టుకెళ్ళండి. కొన్నిసార్లు పన్ను పీకకుండా వేరుకు ట్రీట్‌మెంట్ చేసి వదిలేయడమే మంచిది. ఇప్పటికే చీము, ఎముక కనపడటం లాంటివి ఉన్నాయా?

హాలియా_కవిత
చీము లేదు. ఊగుతోంది, నమిలితే నొప్పి. అమ్మకు చెప్పాను, రేపటి అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాం.